ఎత్తుకు పైఎత్తు

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో పొలాలు క్రమంగా పలచబడి అడవి మొదలవుతుంది. టేకు, మద్ది, తునికి చెట్ల నడుమ అక్కడక్కడ పల్లెలు కనిపిస్తాయి. అటువంటి అడవి అంచు పల్లెల్లో మేకల మంద ఒక ఆస్తి; మృగం ఒక భయం. ఆ ఆస్తినీ, ఆ భయాన్నీ కలిపి తెలుగువారి పూర్వులు ఒక ఆటగా మలచుకున్నారు. దానికి పులిజూదమని పేరు. పులి-మేక ఆట అని కూడా అంటారు. నేలమీద బొగ్గుతో గీసిన గీతలు, లేదా పాత గుడి మండపాల రాతిపలకలపై చెక్కిన గీతలు ఆ ఆటకు రంగస్థలం. మూడు పులులు, పదిహేను మేకలు అందులోని బలగాలు. పులి మేకమీదుగా దూకి దానిని చంపగలదు. మేకకు చంపే శక్తి లేదు. అయినా నేర్పుగా ఆడితే మేకలదే గెలుపు. ఒకదాని వెనుక ఒకటి దన్నుగా నిలిచి, పులి దూకడానికి ఖాళీ లేకుండా చేసి, చివరకు మూడు పులులనూ కదలలేని స్థితికి అవి తీసుకువస్తాయి.

రక్షణ అంటే దాక్కోవడం కాదనీ, ఎదుటివాని బలాన్ని బలహీనతగా మార్చే ఉపాయమనీ ఈ పల్లె ఆట చెబుతుంది. ఇదే సత్యాన్ని చదరంగం మరింత సూక్ష్మంగా, మరింత కఠినంగా బోధిస్తుంది.

చదరంగానికి పుట్టినిల్లు భారతదేశం. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాలుగల సేనను అనుకరించిన ఆట కనుక దానికి చతురంగమని పేరు వచ్చింది. ఇక్కడినుంచి అది పారశీక దేశానికి, అటుపై అరబ్బు దేశాలకు, ఐరోపాకు ప్రయాణించి నేటి రూపం పొందింది. అరవైనాలుగు గడులు; రెండు పక్షాలు; ఒక్కొక్క పక్షానికి పదహారు పావులు. తెల్లపావులవారు మొదట ఎత్తు వేయాలి. ఈ తొలి ఎత్తు చిన్న విషయంగా తోచినా, సమర్థులిద్దరు తలపడినప్పుడు అది ఒక అడుగు ముందున్నట్టే లెక్క. కాబట్టి నల్లపావులవారికి ఆట ఆరంభంలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. తెల్లపక్షపు ఒరవడిని ఎలా నిలువరించాలి? ఆ ప్రశ్నకు శతాబ్దాలుగా ఆటగాళ్ళు కనిపెట్టిన సమాధానాలనే ‘రక్షణలు’ అంటారు. వాటిలో ఫ్రెంచి రక్షణ ఒకటి.

1834లో లండన్, పారిస్ నగరాల ఆటగాళ్ళ మధ్య ఉత్తరాల ద్వారా చదరంగపు పోటీ మొదలైంది. ఒక ఎత్తు కాగితంపై వ్రాసి పంపడం, దానికి జవాబు వచ్చేవరకు రోజుల తరబడి వేచి ఉండడం ఆ పోటీ పద్ధతి. అందులో పారిస్ వారు ప్రయోగించిన రక్షణకే ఫ్రెంచి రక్షణ అన్న పేరు స్థిరపడింది.

తెల్లపక్షం తన రాజు ముందరి బంటును రెండు గడులు నడపడం అత్యంత ప్రసిద్ధమైన తొలి ఎత్తు. నల్లపక్షం కూడా తన రాజు ముందరి బంటును రెండు గడులు నడిపి ఎదురెదురుగా నిలపవచ్చు. ఫ్రెంచి రక్షణలో అలా జరగదు. ఆ బంటు ఒక్క గడి మాత్రమే నడిచి ఆగుతుంది. చూసేవారికి అది జంకుగా కనిపిస్తుంది. తెల్లపక్షం రెండో ఎత్తులో మంత్రి ముందరి బంటును కూడా రెండు గడులు నడిపి బల్ల నడుమ స్థలాన్ని ఆక్రమిస్తుంది. సరిగ్గా అప్పుడే నల్లపక్షం తన మంత్రి ముందరి బంటును రెండు గడులు నడిపి శత్రువును సూటిగా ఢీకొంటుంది. మొదట ఒక్క గడి నడిచి ఆగిన బంటు ఇప్పుడు దానికి వెనుకదన్నుగా నిలుస్తుంది. జంకు అనుకున్నది ముందుచూపని తేలుతుంది.

ఈ రక్షణకు తగిన మూల్యం కూడా ఉంది. ఒక్క గడి నడిచిన ఆ బంటే నల్లపక్షపు శకటు ఒకదానికి దారి మూసివేస్తుంది. సొంత బంట్ల వెనుకనే బందీ అయిన ఆ శకటు చాలాసేపు యుద్ధంలో పాలుపంచుకోలేదు. పైగా తెల్లపక్షం తన బంటును ఇంకొక గడి ముందుకు తోసి, నల్లగుర్రాన్ని మంచి చోటునుంచి తరిమివేయగలదు. అలా తోసినప్పుడు తెల్లబంట్లు ఐమూలగా ఒక గొలుసువలె ఏర్పడతాయి. ఆ గొలుసు నల్లరాజు ఇంటి గుమ్మంవరకు చొచ్చుకుపోతుంది. నల్లపక్షానికి ఊపిరి సలపని స్థితి అది.

అయితే మానును కూల్చదలచినవాడు చిటారుకొమ్మ జోలికి పోడు, మొదలును నరుకుతాడు. బంట్ల గొలుసును ఎదుర్కొనే పద్ధతీ ఇదే. ముందు నిలిచిన బంటుకు బలం వెనుకనున్న బంటు. దానికి బలం ఇంకా వెనుకనున్నది. కనుక గొలుసు మొదలుపై దెబ్బ వేయాలని ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఆరన్ నిమ్‌జోవిచ్ అనే ప్రసిద్ధ ఆటగాడు సిద్ధాంతీకరించాడు. ఫ్రెంచి రక్షణ ఆడేవారు మంత్రివైపు బంట్లను నడిపి ఆ మొదలునే తాకుతారు. అదే సమయంలో తెల్లపక్షం బల్ల రెండోవైపున నల్లరాజుపైకి దండెత్తుతుంది. ఇద్దరూ చెరొకవైపు దాడి చేస్తూ ఉంటారు. ఎవరిది ముందు ఫలిస్తే వారిది గెలుపు. ఒక్క ఎత్తు ఆలస్యమైనా, ఒక్క లెక్క తప్పినా కోలుకోవడం కష్టం. అందుచేతనే దీనిలోని కొన్ని శాఖలను పదునైనవిగా పరిగణిస్తారు.

ఆ పదును ఎంతటిదో 2024 నవంబరు 25న సింగపూర్‌లో ఒక తెలుగింటి యువకునికి అనుభవమైంది.

దొమ్మరాజు గుకేశ్ 2006 మే 29న చెన్నైలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించాడు. తండ్రి చెవి, ముక్కు, గొంతు వ్యాధుల శస్త్రచికిత్స నిపుణుడు, తల్లి సూక్ష్మజీవశాస్త్రవేత్త. 2013లో, ఏడేళ్ళ వయసులో బడిలో చదరంగం నేర్చుకున్నాడు. ఆ సంవత్సరమే చెన్నైలో విశ్వనాథన్ ఆనంద్, మాగ్నస్ కార్ల్‌సన్‌ల మధ్య ప్రపంచ విజేత పోటీ జరిగింది. ఆనంద్ కిరీటం కోల్పోయిన ఆ పోటీని గుకేశ్ ప్రేక్షకుడుగా చూశాడు. కుమారుని వెంట పోటీలకు తిరగడంకోసం తండ్రి తన వైద్యవృత్తిని పక్కన పెట్టాడు. 2019 జనవరిలో, పదమూడేళ్ళు నిండకముందే గుకేశ్ గ్రాండ్‌మాస్టర్ హోదా సాధించాడు. 2024 ఏప్రిల్‌లో కెనడాలోని టొరంటో నగరంలో జరిగిన అభ్యర్థుల పోటీలో గెలిచి, ప్రపంచ విజేతను సవాలు చేసే అర్హత పొందాడు.

ఎదుటివాడు చైనాకు చెందిన డింగ్ లిరెన్. 2023లో ప్రపంచ విజేత అయినవాడు, వయసు ముప్పైరెండు. ఆ విజయం తరువాత తీవ్రమైన మానసిక అలసటకు లోనై, కొంతకాలం ఆటకు దూరంగా గడిపాడు. సింగపూర్ పోటీ నాటికి ప్రపంచ క్రమంలో గుకేశ్ ఐదో స్థానంలో ఉండగా, డింగ్ ఇరవైమూడో స్థానానికి దిగజారాడు. సుదీర్ఘ సమయపు ఆటలో అతడు గెలిచి పది నెలలు కావస్తున్నది. కాబట్టి పద్ధెనిమిదేళ్ళ యువకునిదే పైచేయి అని అనేకులు భావించారు. పద్నాలుగు ఆటల ఆ పోటీలో మొదటి ఆటకు తెల్లపావులు కూడా గుకేశ్‌కే వచ్చాయి.

గుకేశ్ రాజు ముందరి బంటును రెండు గడులు నడిపాడు. డింగ్ తన రాజు ముందరి బంటును ఒక్క గడి నడిపి ఆగాడు. అది ఫ్రెంచి రక్షణ. అంతటి పోటీలో అరుదుగా కనిపించే ఎత్తు. తెల్లబంటు ముందుకు వచ్చింది. నల్లగుర్రం వెనుకకు తగ్గింది. తెల్లబంట్ల గొలుసు ఏర్పడింది. 1886లో మొదటి అధికారిక ప్రపంచ విజేత అయిన విల్‌హెల్మ్ స్టైనిట్జ్ పేరుమీద ప్రసిద్ధమైన శాఖ అది. గుకేశ్ తన గుర్రాన్ని వెనుకకు తీసి, ఆ ఖాళీలో ఒక బంటును నిలిపి, గొలుసు మొదలుకు దన్ను కల్పించాడు. డింగ్ చాలాసేపు ఆలోచించి, మంత్రివైపు అంచున ఉన్న బంటును ముందుకు నెట్టాడు. బల్ల చివరనున్న ఆ అల్పమైన బంటు అంచెలంచెలుగా నడిచి, తెల్లబంట్ల పునాదివైపు సాగింది. పదో ఎత్తులో గుకేశ్ రాజువైపు బంటును రెండు గడులు దూకించి తన దాడిని ప్రకటించాడు.

అక్కడినుంచి రెండు దాడుల మధ్య పరుగుపందెం మొదలైంది. బల్ల నడుమ గొలుసు తెగింది. తెల్లపక్షం ఆశించిన దాడి ఊపందుకోకముందే, మంత్రివైపు నల్లపావులు లోపలికి చొరబడ్డాయి. గుకేశ్ లెక్కలో ఒక పొరపాటు దొర్లింది. నలభై ఎత్తులకు రెండు గంటలే గడువు. గడియారం ఇద్దరినీ తరుముతున్నది. ఆ తొందరలోనూ డింగ్ పట్టు సడలనివ్వలేదు. నలభైరెండో ఎత్తు తరువాత గుకేశ్ ఓటమిని అంగీకరించాడు. తెల్లపావులతో, మొదటి రోజే, లోకమంతా చూస్తుండగా ఎదురైన ఓటమి అది.

చదరంగంలో ఓటమికి సాకులుండవు. పాచికలు లేవు, గాలివాన లేదు, జట్టులో మరొకరి తప్పిదం లేదు. ఓడినవాడు తన తెలివికే తాను జవాబు చెప్పుకోవాలి. అటువంటి ఓటమి తరువాత మనిషి ముందు రెండు దారులుంటాయి. తనను ఓడించిన చోటికి మరల పోకుండా తప్పుకుని తిరగడం ఒకటి. ఆ చోటు ఎందుకు ఓడించిందో తెలుసుకుని, సిద్ధపడి మళ్ళీ అక్కడికే పోవడం రెండోది.

గుకేశ్ మొదట ఆవేశాన్ని అణచుకున్నాడు. రెండో ఆటను సమంగా ముగించాడు. నవంబరు 27న జరిగిన మూడో ఆటలో మంత్రి ముందరి బంటుతో ఆరంభించి, డింగ్‌ను ఇరుకున పెట్టి, గడువు మించిపోయేటట్లు చేసి గెలిచాడు. లెక్క సమమైంది. అయితే ఫ్రెంచి రక్షణ అనే ప్రశ్న అలాగే మిగిలి ఉంది. నవంబరు 30న ఐదో ఆటలో అతడు మళ్ళీ రాజు ముందరి బంటునే నడిపాడు. డింగ్ మళ్ళీ అదే రక్షణ చేపట్టాడు. ఈసారి గుకేశ్ నడిమి బంట్లను మార్పిడి చేసుకునే ప్రశాంతమైన దారి పట్టాడు. ఆ దారి కూడా సుఖంగా సాగలేదు. ఒక దశలో ప్రమాదం అంచువరకు పోయి, నలభై ఎత్తులలో సమంగా బయటపడ్డాడు. మెత్తని దారి పట్టినంత మాత్రాన గండం తప్పదని ఆ ఆట తెలిపింది.

వరుసగా ఏడు ఆటలు సమంగా ముగిశాయి. పదకొండో ఆటలో గుకేశ్ గెలిచాడు. మరునాడే పన్నెండో ఆటలో డింగ్ అద్భుతంగా ఆడి లెక్క సరిచేశాడు. చెరి ఆరు పాయింట్లు. మిగిలినవి రెండే ఆటలు. డిసెంబరు 11న పదమూడో ఆట. గుకేశ్‌కు తెల్లపావులతో ఆడే చివరి అవకాశం అదే.

ఆ రోజున అతడు రాజు ముందరి బంటును నడిపాడు. డింగ్ ఫ్రెంచి రక్షణతో బదులిచ్చాడు. గుకేశ్ ఈసారి మెత్తని దారికి పోలేదు. మొదటి రోజు తనను ఓడించిన ఆ పదునైన దారిలోకే బంటును తోసి, అటుపై తాను సిద్ధం చేసుకున్న కొత్త ఎత్తులవైపు ఆటను మళ్ళించాడు. అతని వెనుక సలహాదారుల బృందం ఉన్నది. పోలండ్‌కు చెందిన గ్రెగోర్ గజెవ్‌స్కీ దానికి ప్రధాన శిక్షకుడు. ఆ బృందంలో మరొక తెలుగువాడు, గుంటూరుకు చెందిన గ్రాండ్‌మాస్టర్ పెంటాల హరికృష్ణ కూడా ఉన్నాడు. గుకేశ్ క్రమంగా పైచేయి సాధించాడు. గెలుపు చేతికందినట్లే కనిపించింది. అప్పుడు డింగ్ ముప్పైఒకటో ఎత్తులో ఒక ఏనుగును ప్రశాంతంగా కదిపాడు. చూడటానికి అది వెనుకంజవలె ఉన్నా, ఆటను నిలబెట్టిన ఎత్తు అదే. అరవైకి పైగా ఎత్తులు సాగిన తరువాత ఆట సమమైంది. గుకేశ్ ఆ రక్షణను ఛేదించలేకపోయాడు. కాని దానికి ఇక భయపడనవసరం లేదని నిరూపించుకున్నాడు.

డిసెంబరు 12న చివరి ఆట. ఇప్పుడు నల్లపావులు గుకేశ్‌వి. రక్షించుకోవలసిన వంతు అతనిది. ఆరంభపు ఒత్తిడిని తట్టుకుని, ఒక బంటు అధికంగా సంపాదించినా, ఆట సమంగా ముగిసేటట్లే తోచింది. అయినా అతడు చేయి చాపి సంధి కోరలేదు. ఎదుటివానికి ఒకదాని తరువాత ఒకటిగా చిన్న చిన్న చిక్కులు కల్పిస్తూనే పోయాడు. యాభైఐదో ఎత్తులో డింగ్ తన ఏనుగును మార్పిడికి అడ్డుపెట్టాడు. గుకేశ్ ఒక క్షణం నమ్మలేకపోయాడు. ఏనుగులు పోయాయి, వెంటనే శకటులూ పోయాయి. రాజులు, బంట్లు మాత్రమే మిగిలిన బల్లమీద అధికంగా ఉన్న ఆ ఒక్క బంటు గెలుపును నిర్ణయించింది. యాభైఎనిమిదో ఎత్తుతో ఆట ముగిసింది. ఏడున్నర పాయింట్లకు ఆరున్నర. పద్ధెనిమిదేళ్ళ వయసులో గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు. 1985లో ఇరవైరెండేళ్ళ వయసులో గ్యారీ కాస్పరోవ్ నెలకొల్పిన పిన్నవయసు రికార్డు చెరిగిపోయింది. బల్లముందే కన్నీరు పెట్టుకున్న ఆ యువకుడు, లేచి వెళ్ళేముందు పావులన్నింటినీ తిరిగి వాటి స్థానాల్లో శ్రద్ధగా అమర్చాడు.

ఆ పోటీలో డింగ్ ఓడినా అతని రక్షణ ఓడలేదు. ఫ్రెంచి రక్షణతో ఆడిన మూడు ఆటలలో ఒకటి గెలిచాడు. రెండు సమం చేసుకున్నాడు. అతనిని ఓడించినది రక్షణలోని లోపం కాదు. మూడు వారాలు కాచుకున్న కోటను ఒక్క నిమిషం ఏమరపాటున విడిచిపెట్టడం. రక్షణకు విశ్రాంతి లేదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఈ కథకు తెలుగునేలతో ఉన్న సంబంధం గుకేశ్ ఒక్కనితో ఆగదు. 2024 సెప్టెంబరులో హంగరీలోని బుడాపెస్ట్‌లో జరిగిన చదరంగ ఒలింపియాడ్‌లో భారత పురుషుల, మహిళల జట్లు రెండూ స్వర్ణం గెలిచాయి. పురుషుల జట్టులోని ఐదుగురిలో ముగ్గురు తెలుగువారు: గుకేశ్, హరికృష్ణ, వరంగల్‌కు చెందిన ఎరిగైసి అర్జున్. మహిళల జట్టులో గుంటూరుకు చెందిన ద్రోణవల్లి హారిక ఉన్నది. అంతకు ఎంతో ముందే, 2002లో, పదిహేనేళ్ళ వయసులో గుడివాడకు చెందిన కోనేరు హంపి గ్రాండ్‌మాస్టర్ హోదా పొంది తెలుగు పిల్లలకు దారి చూపింది.

భద్రాచలంలో గోదావరి వరదను కొలవడానికి గుర్తులున్నాయి. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది. 1986లో 75.6 అడుగులవరకు, 2022లో 71.3 అడుగులవరకు నది పొంగింది. పట్టణానికి అడ్డుగా కరకట్ట ఉన్నది. నీరు ముంచుకు వచ్చిన రాత్రి కరకట్ట కట్టడం ఎవరికీ సాధ్యం కాదు. అది వేసవిలో, నది సన్నగిల్లి ఇసుక తేలిన రోజులలో చేయవలసిన పని. చదరంగపు రక్షణలూ అంతే. ఎదుటివాడు వేయబోయే ఎత్తును ముందుగానే ఊహించి, ఇంటివద్ద నెలల తరబడి సాధన చేసినవాడే పోటీలో నిలబడగలుగుతాడు.

చదరంగానికి విశాలమైన మైదానం అవసరం లేదు. విలువైన పరికరాలూ అక్కరలేదు. అట్టముక్కపై గీసిన గడులు, ముప్పైరెండు పావులు ఉంటే చాలు. అడవి అంచునున్న వసతిగృహపు వరండాలోనైనా, మహానగరపు మేడలోనైనా ఆట నియమాలు ఒక్కటే. పుట్టిన ఊరు, పెరిగిన ఇల్లు ఆ గడులమీద కనిపించవు. అక్కడ మొదట ఒక్క గడి నడిచి ఆగినవాడు వెనుకబడినవాడని నిర్ణయించడం తొందరపాటు. అతడు మొదలును ఎక్కడ తాకాలో చూస్తూ ఉండవచ్చు.